కొత్త భాషకు అక్షరాభ్యాసము

నిజామాబాదు సీమలోని తల్లులకు బాసర మహిమను మేము చెప్పనక్కఱలేదు. గోదావరి యొడ్డున వెలసిన సరస్వతీదేవి సన్నిధిని బిడ్డను ఒడిలో గూర్చుండబెట్టుకొని, చిట్టిచేయి పట్టుకొని తొలియక్షరము దిద్దించుట యిచ్చటి కుటుంబములలో తరతరములనుండి వచ్చుచున్న ముచ్చట. ఆనాడు బిడ్డకు గావలసిన సాధనములెన్ని? ఒక పలక, ఒక బలపము, చేయి పట్టి దిద్దించువారొకరు. అంతకుమించి యేమియు నక్కఱలేదు. ఏ పలక మంచిది, ఏ బలపము కొనవలెను అను విచారము తల్లికి గలుగనే కలుగదు.

కాని ఆ బిడ్డయే పెరిగి పెద్దదై కళాశాలలో జేరినపిమ్మట మఱియొక భాష నేర్వవలసివచ్చినదనుకొందము. ఆ భాష మనుష్యులు మాటలాడునది కాదు. కంప్యూటరునకు పనులు చెప్పుటకై యేర్పఱచుకొన్నది. అప్పుడు తల్లికి దిక్కుతోచదు. ఈ భాషకు పలక యేది? బలపమేది? పెద్దబాలశిక్ష యేది? చేయి పట్టి దిద్దించువారెవ్వరు? అడుగుద మన్నను ఎవ్వరి నడుగవలెనో తెలియదు. ఈ సందేహము లిప్పుడు పట్టణములందేగాక పల్లెలయందలి యిండ్లలోను వినబడుచున్నవి గనుక, మేము కన్నదియు విన్నదియు సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

బోధనులో నొక యిల్లు

ఈ నడుమ మేము బోధనునకు బోయి, శక్కర్‌నగరము చెంత నున్న యొక పరిచితుల యింట రెండుదినము లుంటిమి. శక్కర్‌నగర మనగా నేమో యెఱుగని వారుందురేమో. నిజాము ప్రభుత్వకాలమున 1937లో నెలకొల్పబడిన చక్కెర కార్ఖానా చుట్టును వెలసిన పేట యది. ఒకప్పుడది ఆసియాఖండమునందే మిక్కిలి పెద్దదని పేరుగాంచిన కార్ఖానా. నిజాంసాగరపు నీటితో పండిన చెఱకు బండ్లకొలది యచ్చటికి జేరుచుండెను. ఆ యూరి జీవనమంతయు నా పొగగొట్టము నీడలోనే సాగినది. 2002లో నది ప్రయివేటువారి యాజమాన్యమునకు బోయెను; 2015 డిసెంబరులో మూతపడెను. దాని నాశ్రయించియున్న కుటుంబములు పలువురు పలుదారులు వెదకికొనవలసి వచ్చినది.

మేము దిగిన యింటి యజమానియు నా కార్ఖానాలో పనిచేసినవాడే. ఇప్పుడొక రైసుమిల్లులో లెక్కలు చూచుచున్నాడు. ఇల్లాలు రవికెలు, పావడాలు కుట్టి సంసారమునకు తోడుపడుచున్నది. వారి పెద్దకూతురు నిజామాబాదులో బి.యస్.సి. చదువుచున్నది. బోధనునుండి నిజామాబాదు పాతిక కిలోమీటర్లకు పైగా నుండును. 2023 డిసెంబరు 9వ తేదీనుండి తెలంగాణమున ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు టికెట్టు లేకుండుటచే, ఆ పిల్ల నిత్యము పోయివచ్చుచున్నది. "ఆ బస్సు టికెట్టు గట్టవలసియున్నచో నీ చదువు ఇంటరుతోనే నిలిచిపోయెడిది" అని తల్లి మాతో ననెను.

ఆ పిల్లకు చదువులో పైథాన్ అను కంప్యూటరు భాష వచ్చినది. కళాశాలలో పాఠము వినుచున్నంతసేపు తెలిసినట్లే యుండును. ఇంటికి వచ్చి పుస్తకము ముందు గూర్చున్నచో నొక్క వాక్యమైన స్వయముగా వ్రాయ చేతగాదు. "చదువవేసిన నున్న మతి పోయినట్లున్నది" అని యామె కన్నీరు పెట్టుకొనినదట. తల్లి యోర్వలేకపోయెను. ఎవరో చెప్పగా నొక శిక్షణాలయమున జేర్పించిరి. రుసుము పదివేల రూపాయలు. చేతిలో లేనందున నూటికి నెలకు రెండురూపాయల వడ్డీకి అప్పు దెచ్చిరి. అచ్చట జరిగినదేమన, ఒక గదిలో నలువదిమందిని గూర్చుండబెట్టి, బోర్డుపై వ్రాసినది నోటుపుస్తకములలో వ్రాయించిరి. కంప్యూటరు ముందు గూర్చుండు వంతు వారమునకొకసారి వచ్చెను. రెండునెలలు గడచునప్పటికి ఉపాధ్యాయుడు వేఱొక యూరికి వెడలిపోయెను, పాఠములాగిపోయెను, రుసుము తిరిగి రాలేదు. ఆ స్థలము పేరు చెప్పుట మా యుద్దేశము గాదు. ఇట్టివి ఊరూరను గలవు. పేరు గాక, అప్పు చేయకమున్నే విచారింపవలసినదేమో తెలిసికొనుట ముఖ్యము.

ఈ భాష యన నేమి?

ముందుగా నీ భాష యెట్టిదో తెలిసికొన్నచో భయము సగము తీరును. కుట్టుపని తెలిసిన సోదరీమణులకు దీని మర్మము సులభముగా బోధపడును. రవిక కుట్టవలెనన్న నెదకొలత యింత, భుజమింత, చంక లోతింత యని కొలతలు వ్రాసికొని, ముందిది కత్తిరింపుము, తరువాత నిది యతుకుము, రెండుచేతులకు నీ పనినే రెండుమార్లు చేయుము అని వరుస యేర్పఱచుకొందుము. ఆ వరుసయే ప్రోగ్రాము. కొలతలు మాఱినను వరుస మాఱదు. కంప్యూటరు మిక్కిలి వేగముగా పనిచేయునుగాని, తనంత దాను దేనిని ఊహింపజాలదు. "అట్లే కానిమ్ము" అన్న మాట దానికి దెలియదు. ఒక్క చుక్క తప్పినను పని నిలిపి, తప్పెచ్చట నున్నదో చెప్పును. ఇంతియే దాని కాఠిన్యము.

పైథాన్ అను పేరు విని కొండచిలువయని బెదరవలసిన పని లేదు. దీనిని నెదర్లాండ్స్ దేశస్థుడగు గైడో వాన్ రాసమ్ అను నతడు 1989 చివర నారంభించి 1991లో వెలువరించెను. 'మాంటీ పైథాన్' అను హాస్యప్రదర్శనము పేరునుండి యీ పేరును దీసికొనెను. ఇతర భాషలతో బోల్చిన నిందు విరామచిహ్నముల చిక్కు తక్కువ, వాక్యములు పొట్టివి. అందుచే నేడు పెక్కు పాఠశాలలలోను కళాశాలలలోను మొదటి భాషగా దీనినే నేర్పుచున్నారు. అన్నింటికన్న ముఖ్యమైనది మఱియొకటి కలదు: ఈ భాషకు వెల లేదు. ఎవ్వరైనను దీనిని ఉచితముగా దింపుకొని వాడుకొనవచ్చును. ఈ సంగతి తెలియకనే పలువురు దీనికే డబ్బు గట్టుచున్నారు.

పుస్తకము నెన్నుకొనుట

శిక్షణాలయము మూతపడినపిమ్మట, హైదరాబాదులో నున్న మేనమామ ఆబిడ్సులో ఆదివారమునాడు పుస్తకములమ్ము కాలిబాటపై నొక పాతపుస్తకము దొరికినదని తెచ్చియిచ్చెను. లావుపాటి పుస్తకము. పిల్ల సంతోషముతో మొదటి పాఠము తెఱచి, అందున్నది ఉన్నట్లు టైపు చేసెను. కంప్యూటరు తప్పని చెప్పెను. అక్షరమక్షరము సరిచూచి మరల జేసెను. మరల తప్పే. రెండు రాత్రులు పోరాడి, తనకే యీ విద్య రాదని నిశ్చయించుకొని పుస్తకము మూసెను.

నిజమునకు తప్పామెది కాదు, పుస్తకము కాలమునది. పైథానులో రెండవ రూపము, మూడవ రూపము అని రెండు గలవు. మూడవది 2008లో వెలువడినది. రెండవదానికి 2020 జనవరి 1వ తేదీతో పోషణ నిలిపివేసిరి. రెండవ రూపమున 'ప్రింట్' అను మాట తరువాత కుండలీకరణములు లేకున్నను చెల్లుచుండెను. మూడవ రూపమున నవి తప్పనిసరి. ఆమె పుస్తకము రెండవ రూపమునకు వ్రాసినది. ఆమె కంప్యూటరులో నున్నది మూడవ రూపము. ఇంత చిన్న సంగతి యొక పిల్ల ధైర్యమును కూలద్రోసినది. కంప్యూటరు చూపిన యాంగ్లవాక్యములో 'ప్రింట్ అను మాటకు కుండలీకరణములు లేవు' అని స్పష్టముగానే యుండెను. కాని తప్పని యెఱ్ఱయక్షరములు కనబడగానే యామె చదువుట మానివేసెను. కాబట్టి పుస్తకము కొనునప్పుడు మొట్టమొదట చూడవలసినది, అది భాషయొక్క యే రూపమునకు వ్రాసినదో, ఏ సంవత్సరమున అచ్చయినదో. పంచాంగము కొనునప్పుడు సంవత్సరము చూడక కొందుమా?

రెండవది, వెల యెక్కువైనది మంచిదను భ్రమ విడువవలెను. మన దేశపు ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు పదునొకండవ, పండ్రెండవ తరగతులకు ప్రకటించిన కంప్యూటరు సైన్సు పాఠ్యపుస్తకములు పైథానునే బోధించును. ఇంగ్లీషు సరళముగా నుండును. అచ్చుప్రతి వెల స్వల్పము. వారి ఇంటర్నెట్టు స్థలమునుండి ఉచితముగాను దింపుకొనవచ్చును. తెలుగు మాధ్యమమున చదివిన పిల్లకు మొదటి పుస్తకముగా నిది తగినదని మా యభిప్రాయము. దీని తరువాత అలెన్ డౌనీ వ్రాసిన 'థింక్ పైథాన్' అను గ్రంథము చదువవచ్చును. దానిని గ్రంథకర్తయే ఇంటర్నెట్టులో ఉచితముగా నుంచెను. ఆల్ స్వైగార్ట్ వ్రాసిన 'ఆటోమేట్ ది బోరింగ్ స్టఫ్' అను పుస్తకము ఆఫీసుపనులు, లెక్కలపట్టికలు మొదలైనవి సులభముగా జేసికొను మార్గములు చెప్పును. అదియు ఇంటర్నెట్టులో ఉచితముగా చదువుకొనవచ్చును. చార్లెస్ సెవరెన్స్ వ్రాసిన 'పైథాన్ ఫర్ ఎవ్రిబడి' యు నట్టిదే. ఈ నాలుగింటిలో నేదైన నొకటి తీసికొని కడదాక చదువుట మేలు. నాలుగింటిని తెఱచి నాలుగేసి పుటలు చదివిన యెడల నాలుగు నదులలో కాలు తడుపుకొని యే యొడ్డును జేరనట్లగును.

మూడవది, పుస్తకమును కొనకమున్నే యందలి నడిమి పుట నొకదానిని చదివి చూడవలెను. మొదటి పుట అన్ని పుస్తకములందును సులభముగనే యుండును. నడిమి పుటలో నుదాహరణములున్నవా, వాని ఫలితములు చూపినవా, అభ్యాసములిచ్చినవా అని పరీక్షింపవలెను. బియ్యము కొనునప్పుడు మూటపైని గింజలు చూచి మోసపోక, లోపల చేయిపెట్టి తీసి చూచుట మనకు దెలియనిది కాదు గదా!

గ్రంథాలయపు పన్ను మనమే కట్టుచున్నాము

1937లోనే, అనగా చక్కెర కార్ఖానా పుట్టిన సంవత్సరముననే, నిజామాబాదులో ఆంధ్రమహాసభ ఆరవ సమావేశము జరిగినది. మందుముల నరసింగరావుగా రధ్యక్షులు. ఆ కాలమున నిజాము రాష్ట్రములో తెలుగుపుస్తక మొకటి సంపాదించుటయే కష్టము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది మొదలు, ఊరూర గ్రంథాలయము పెట్టుటయే యొక యుద్యమముగా సాగినది. స్త్రీవిద్యయు, గ్రంథాలయములును ఆ సభలు పదేపదే చర్చించిన విషయములు. ఆనాటి స్త్రీలకు పుస్తకము లేమి బాధ. నేటి మన పిల్లలకు పుస్తకముల వెల్లువలో దారి కానరామి బాధ. కాని రెండింటికిని మందొక్కటే: నలుగురు కలసి చదువు చోటు.

1960 నాటి గ్రంథాలయచట్టము ప్రకారము మనమందఱము ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపు పన్ను కట్టుచున్నాము. పన్ను కట్టినవారికి పుస్తకమడుగు హక్కు గలదు. నిజామాబాదులో జిల్లా కేంద్ర గ్రంథాలయము గలదు. కావలసిన గ్రంథముల పేర్లు, గ్రంథకర్తల పేర్లు, ఏ ముద్రణము కావలెనో స్పష్టముగా కాగితముపై వ్రాసి గ్రంథాలయాధికారి కిచ్చుట మంచిది. ఒక్కరడుగుటకంటె పదిమంది పిల్లలు సంతకములు చేసి యడుగుట మేలు. పోటీపరీక్షలకు జదువు మగపిల్లలు చిరకాలమునుండి యిట్లే యడిగి పుస్తకములు తెప్పించుకొనుచున్నారు. మన యాడుపిల్లలకు మాత్రము నోరెందుకు రాకూడదు?

పలకయు బలపమును

ఇక సాధనముల మాట. కంప్యూటరు లేనిదే యీ విద్య సాగదని పలువురు నిరాశపడుదురు. మేము చూచిన యింటిలోను కంప్యూటరు లేదు. తండ్రి చేతి ఫోను మాత్రమున్నది. ఫోనులోనే పైథాను నడపుటకు 'పైడ్రాయిడ్' అను సాధనము గలదు. ఒకసారి దింపుకొన్నచో ఇంటర్నెట్టు లేకున్నను పనిచేయును. ఇంటర్నెట్టున్నచో 'గూగుల్ కొలాబ్' అనుదానిని తెఱచి యందే వ్రాసి యందే నడుపవచ్చును. దానికిని వెల లేదు. చిన్నతెరపై వ్రాయుట కష్టమేగాని, అసాధ్యము కాదు. అభ్యాసములు ముందు కాగితముపై వ్రాసికొని, పిమ్మట ఫోనులో నెక్కించుట అలవాటు చేసికొన్నచో కంటికిని బుద్ధికిని మేలు.

కంప్యూటరు దొరకినయెడల, అది పాతదైనను జాలును. పైథానుతోపాటే 'ఐడిల్' అను వ్రాతసాధనము వచ్చును. దానికంటె సులభమైనది 'థానీ'. ఎస్టోనియా దేశమందలి టార్టు విశ్వవిద్యాలయములో క్రొత్తగా నేర్చువారికొఱకే దీనిని జేసిరి. ఇందు ప్రోగ్రామును ఒక్కొక్క మెట్టుగా నడిపించి, ఏ మెట్టునందు ఏ పేరులో నేమున్నదో కన్నులారా చూడవచ్చును. పెద్దపెద్ద సంస్థలలో వాడు గొప్ప సాధనములు కొన్ని గలవు. అవి పిమ్మట వాడుకొనవచ్చును. పప్పు రుబ్బుటకు రోలు చాలునప్పుడు పిండిమిల్లు కొననేల?

చేయి పట్టి దిద్దించువారి మాట యింకొకటి. బొంబాయి ఐ.ఐ.టి. వారు 'స్పోకెన్ ట్యుటోరియల్' అను పేర సుమారు పది నిమిషముల చొప్పున పాఠములు చేసియుంచిరి. అవి స్వయముగా నేర్చుకొనువారికై యేర్పడినవి; అందు తెలుగుపలుకులతో గూడిన పాఠములును గలవు. తెరపై నింగ్లీషు, చెవికి తెలుగు. పాఠమును మధ్యమధ్య నిలిపి, తానుగూడ నట్లే చేసి, పిమ్మట ముందునకు సాగవలెను. ఇంగ్లీషు కొంత యలవడినవారు ఎన్.పి.టి.ఇ.ఎల్. వారి పాఠములు వినవచ్చును. మదరాసునందలి చెన్నై మేథమేటికల్ ఇన్‌స్టిట్యూటు ఆచార్యులగు మాధవన్ ముకుంద్ గారును, రోపడ్ ఐ.ఐ.టి. ఆచార్యులగు సుదర్శన్ అయ్యంగారు గారును చెప్పిన పైథాను పాఠములు ప్రసిద్ధములు. వినుటకు రుసుము లేదు; ధ్రువపత్రము గోరి పరీక్ష వ్రాయువారు మాత్రము కొంత గట్టవలెను. ఈ సంగతి ముందే తెలిసియున్నచో ఆ పదివేల యప్పు లేకపోయెడిది గదా యని ఆ తల్లి నిట్టూర్చెను.

పదునొకండు వరుసలు

మేమచ్చట నున్న రెండవనాటి రాత్రి జరిగినది చెప్పెదము. భోజనములైనవి. పిల్ల ఫోనులో నభ్యాసము చేయుచుండెను. తల్లి దాపున గూర్చుండి రవికకు గుండీలు కుట్టుచుండెను. "ఎంతసేపు పుస్తకములోని లెక్కలే? మన లెక్క యొకటి చేయరాదా?" యని మేమంటిమి. ఏ లెక్కయని పిల్ల యడిగెను. తల్లి తలయెత్తకయే, ఆ పదివేల వడ్డీలెక్క యనెను.

అంతట పిల్ల వ్రాయనారంభించెను. పైథాను మూడవ రూపమున పేర్లను తెలుగక్షరములతోను పెట్టవచ్చును. తల్లికి దెలియవలెనని పిల్ల 'అసలు', 'వడ్డీ', 'నెల' యనియే పేర్లు పెట్టెను. నెలనెల వడ్డీ కట్టనిచో నది యసలులో గలియును. మఱునాటినెల దానిపైనను వడ్డీ పడును. కావున ప్రతినెలకు నొక వరుసగా, నెల సంఖ్యయు నప్పటి బాకీయు తెరపై బడునట్లు వ్రాసెను. నడిపించగానే వరుసలు దిగినవి. మొదటినెల 10,200, రెండవనెల 10,404, మూడవనెల 10,612 రూపాయల 8 పైసలు, ఇట్లు సాగి తుదకు 12,433 రూపాయల 74 పైసలు. తప్పులేమియు రాలేదు. పిల్ల ముఖము వికసించెను. ఏడాదికింతే నని ఫోనును తల్లికి జూపెను.

తల్లి సూదిని గుడ్డకు గ్రుచ్చి, ఫోను నందుకొని, వ్రేలితో నొక్కొక్క వరుసను లెక్కించెను. ఆమె చదివినది అయిదవ తరగతి.

"పన్నెండు నెల్లకు పదకొండు వరుసలే ఉన్నయేంది బిడ్డా?" అనెను.

పిల్ల నివ్వెఱపోయెను. మరల చూచుకొనెను. ఒకటినుండి పండ్రెండు వఱకు లెక్కించుమని చెప్పితిననుకొని 'రేంజి' అను మాట తరువాత ఒకటి, పండ్రెండు అని వ్రాసియుండెను. కాని యా భాష నియమమున కడపటి సంఖ్య లెక్కలోనికి రాదు. పండ్రెండు కావలెనన్న పదుమూడని వ్రాయవలెను. ఈ నియమము కళాశాలలో చెప్పిరి, శిక్షణాలయపు నోటుపుస్తకములో వ్రాసికొనినది, పాతపుస్తకములోను గలదు. మూడుచోట్ల నుండియు నామె తలలోనికి మాత్ర మెక్కలేదు. ఆ రాత్రి యెక్కినది. పదుమూడని దిద్ది నడిపించగా పండ్రెండవ వరుస వచ్చెను: 12,682 రూపాయల 42 పైసలు.

"నీకెట్ల దెల్సిందే అమ్మా?" అని పిల్ల యడిగెను.

"అప్పు తెచ్చినోళ్లకు నెల మరుపుకొస్తదా?" అని తల్లి మరల సూది తీసికొనెను.

నెలనెల వడ్డీ కట్టుచు వచ్చినచో నేడాదికి వడ్డీ 2,400 రూపాయలు. కట్టక యుంచినచో 2,682. ఇందలి భేదము 282 రూపాయలు. ఆ తల్లికి నది యెన్నో రవికల కూలి. అటుపిమ్మట నే నెలయు వడ్డీ నిలువ నుంచవలదని వారు నిశ్చయించుకొనిరి. తప్పని యెఱ్ఱయక్షరములు చూపు తప్పులకంటె, ఏమియు చెప్పక తప్పులెక్క నిచ్చు తప్పులు ప్రమాదకరములని యాంగ్లగ్రంథములలో పెక్కుచోట్ల వ్రాసియున్నది. దానికి మందు కంప్యూటరు తెలిసినవారివద్దనేకాక, లెక్క తెలిసినవారివద్దను గలదని మేమా రాత్రి గ్రహించితిమి.

పుస్తకమే లేనివారు

తల్లులు బిడ్డలకు చెప్పదగిన కథ యొకటి గలదు. ఇది కల్పితము గాదు. 1946లో అమెరికా దేశమున ఫిలడెల్ఫియా నగరమందు 'ఎనియాక్' అను మహాయంత్రమును లోకమునకు జూపిరి. దానికి లెక్కలు నేర్పినవా రార్గురు స్త్రీలు: కే మెక్‌నల్టీ, జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సెస్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. వారికి పుస్తకము లేదు, భాష లేదు, గురువు లేడు. యంత్రపు తీగల పటములు చేతికిచ్చి, దీనితో నెట్లు పని చేయింపవలెనో మీరే కనుగొనుడనిరి. వారా పటములను చదివి, తెలియనిచోట యంత్రము జేసిన యింజనీర్ల నడిగి, ఒకరికొకరు చెప్పుకొనుచు నేర్చుకొనిరి. నాటి యుత్సవమున వారి పేర్లనైన నెవ్వరును చెప్పలేదు. పిమ్మట 1952లో గ్రేస్ హాపర్ అను విదుషీమణి, మనుష్యులు వ్రాసిన యాజ్ఞలను యంత్రమునకు దెలియు సంఖ్యలుగా మార్చు సాధనమును జేసెను. అంతకు నూఱేండ్లకుముందే, 1843లో, ఏడా లవ్‌లేస్ అను నామె యింకను నిర్మింపబడని యంత్రమునకే లెక్కల వరుస వ్రాసి ప్రకటించెను. కాబట్టి యీ విద్య పురుషులదని యెవ్వరైన ననినచో మన పిల్లలు నవ్వి యూరకుండవచ్చును.

మన సీమయందును నిందుకు తావు గలదు. బాసరలో సరస్వతీదేవి గుడికి దాపుననే 2008లో రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము నెలకొల్పబడి, పల్లెపిల్లలకు పదవతరగతి పిమ్మటనే యీ విద్యల తలుపు తెఱచినది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించి, కంప్యూటరు శాస్త్రమున మిక్కిలి గొప్పదగు ట్యూరింగు బహుమానమును 1994లో పొందిన దబ్బల రాజగోపాలరెడ్డిగారు తెలుగుబిడ్డయే. నిజామాబాదు పట్టణమున 2023లో ఐ.టి. టవరును దెఱచిరి. తలుపులు తెఱచుకొనుచున్నవి, కాని గడపదాటుటకు బిడ్డకు ఇంటివారి తోడు కావలెను.

ఇల్లాలు చేయదగినది

ఇంగ్లీషు రాని తల్లి యేమి చేయగలదని యడుగవచ్చును. చాల చేయగలదు. మొదటిది, దినమున కొక గంట కాలము బిడ్డకు విడిచిపెట్టుట. ఆ గంటలో అంట్లు తోమమని, తమ్మునికి నీళ్లు తోడుమని పిలువరాదు. కొడుకు పుస్తకము పట్టినచో అడుగు చప్పుడు గాకుండ నడచు మనము, కూతురు పుస్తకము పట్టినచో పదిమార్లు పిలుతుము. ఇది నిజముగాదా? రెండవది, ఫోను. ఇంట నొక్కటే యున్నచో నే వేళ నెవరిదో వంతు లేర్పఱుపవలెను. మూడవది, ఒక నోటుపుస్తకము. కంప్యూటరు చూపిన ప్రతి తప్పును, దాని యర్థమును, దిద్దిన విధమును తెలుగులోనే వ్రాసికొమ్మని చెప్పవలెను. తప్పులలో పలుమార్లు వచ్చునవి పదియో పండ్రెండో మాత్రమే. ఆ పుస్తకము రెండునెలలలో నొక చిన్న నిఘంటువగును. నాలుగవది, డబ్బు గట్టకమున్నడుగవలసిన ప్రశ్నలు: కంప్యూటరు ముందు దినమున కెంతసేపు గూర్చుండనిత్తురు? నేర్పువారెవరు? మధ్యలో నాగినచో రుసుము తిరిగి యిత్తురా? ఆ మాట కాగితముపై వ్రాసి యిత్తురా? ఈ నాల్గింటికి తిన్నని యుత్తరము రానిచో మూట విప్పరాదు. అయిదవది, సాయంకాలము బిడ్డదగ్గఱ గూర్చుండి, ఈ దినమేమి నేర్చితివో నాకు దెలియునట్లు చెప్పుమని యడుగుట. తల్లికి దెలియునట్లు చెప్పగలిగిన బిడ్డకా పాఠము వచ్చినట్లే.

మేము బయలుదేరునాడు ఆ యిల్లాలు మాతో బస్సుస్టాండువఱకు వచ్చెను. దారిలో నొక మాట చెప్పెను. పిల్లకొక సంబంధము వచ్చినదట, మంచి సంబంధమేనట. భర్త తటపటాయించుచుండెను. ఏడాది యాగుడని తాను వారికి కబురంపినదట. "ఆగనిచో?" యని మేమడిగితిమి. ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, "పన్నెండో వరుస రాకముందు లెక్క ఆపుతే తప్పొస్తది గదా అమ్మా" అని నవ్వెను.

అప్పింకను తీరలేదు. పిల్ల చదువింకను ముగియలేదు. అయినను ఆదివారమునాడు ఆ వాడలోని యాడుపిల్ల లిద్దఱు పలకబలపములవలె నోటుపుస్తకములు పట్టుకొని యామెకడకు వచ్చుచున్నారని మొన్న జాబువలన దెలిసినది. సోదరీమణులారా! బాసరలో మనము బిడ్డచేయి పట్టి దిద్దించినది ఒక్కనాటితో ముగిసినదనుకొంటిమి. ఆ చేయి యింకను విడువవలసిన కాలము రాలేదు.